గుడి బయట ఇద్దరు తల్లులు

మా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకి ఒక వింత అలవాటుంది. మొహం చూడగానే మనవాళ్లేనని తెలిసిపోయినా సరే, కొత్తవాళ్లయితే ముందు హిందీలోనే పలకరిస్తాం. కూరలవాడితో బెంగాలీ, టోటో రిక్షావాడితో హిందీ, ఆఫీసులో ఆ రెండూ కలిపి పైన కాస్త ఇంగ్లీషు. తెలుగు ఇంటి గడప లోపలి సొత్తు. స్టేషన్లో ఒకే బెంచీ మీద కూర్చుని, అత్తగారి మోకాళ్ల నొప్పుల దగ్గర్నుంచి అల్లుడి ట్రాన్స్‌ఫర్ దాకా అంతా హిందీలో చెప్పుకుని, బండి వచ్చి లేచేటప్పుడు "అయితే మీరూ మనోళ్లేనేటి" అని నోరెళ్లబెట్టిన సందర్భాలు నాకు బోలెడు. అప్పటికి చెప్పుకోవలసిందంతా అయిపోయి ఉంటుంది. నవ్వుకుంటూ చెయ్యి ఊపేస్తాం.

నాకు ఈ కొత్తవాళ్లంటే మొదటి నుంచీ ఇష్టం. బంధువులతో నాకు పొసగదు. ఆ సంగతి మా బంధువులు కూడా ఒప్పుకుంటారు, బహుశా మేమందరం ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే. కొత్తవాళ్లు నన్ను దిద్దాలని చూడరు. వాళ్ల కథ చెప్పి, నా కథ విని, దిగవలసిన చోట దిగిపోతారు. ఎక్కడో ఒకరు మాత్రం దిగిపోయాక కూడా మనసులో అలాగే కూర్చుని ఉంటారు. ఒక పిల్లా, వాళ్లమ్మా నాకు అలా మిగిలిపోయారు.

నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రైల్వే వర్క్‌షాపులో చేరాడు. తర్వాత మా నాన్న, ఆ తర్వాత నన్ను చేసుకున్న మనిషి, అందరూ అదే గేటులోంచి లోపలికి వెళ్లి అదే గేటులోంచి బయటికి వచ్చారు. మా ఆయన సర్వీసులో ఉండగానే పోయాడు. ఆయన బదులు రైల్వే నాకొక ఉద్యోగం ఇచ్చింది. స్టోర్స్ ఆఫీసులో కూర్చుంటాను. కొడుకు టాటానగర్‌లో పని చేస్తున్నాడు, వాడికింకా పెళ్లి కాలేదు.

ఒక శనివారం సాయంత్రం గోల్ బజార్‌కి పసుపు కొమ్ములు కొనడానికి వెళ్లాను. మా తోడికోడలు పక్క క్వార్టర్స్‌లోనే ఉంటుంది. వాళ్లమ్మాయి పెళ్లి దగ్గర పడింది. మరుసటి రోజు పొద్దున్న పసుపు దంచే ముహూర్తం పెట్టుకున్నారు. పుచ్చు కొమ్మును పట్టగల కళ్లు మా ఇంటి మొత్తానికి నావేనని అందరికీ నమ్మకం, అందుకని ఆ పని నా మీద పెట్టారు. కొనడానికి నేను పనికొస్తాను. దంచడానికి ముత్తైదువలే రోకలి పట్టాలి కనక అక్కడ నేను పనికిరాను. ఈ మాట ఎవరూ పైకి అనరు. పైకి అనకుండానే పక్కన కూర్చోబెట్టడంలో మావాళ్లు ఆరితేరారు.

కొట్లో మంచి కొమ్ముల పొట్లం ఒక్కటే ఉంది. గట్టిగా, నిండుగా, విరిచి చూస్తే లోపల నారింజ రంగు. నేను చెయ్యి వేసేసరికి ఇంకో చెయ్యి కూడా దాని మీద పడింది. జీన్స్ ప్యాంటు, భుజాన సంచి, బయట స్టాండు వేసిన సైకిలు. చూడగానే హిజ్లీ వైపు పెద్ద కాలేజీలో చదువుకునే పిల్ల అని తెలిసిపోయింది.

"ఆంటీ, ఆప్ దూస్రా లే లీజియే," అంది మర్యాదగానే, నన్ను ఇంకోటి తీసుకోమని.

"దూస్రా తుమ్ లే లో," అన్నాను నేను, అంత మర్యాద లేకుండా.

కొట్టువాడు ఇద్దరినీ చూసి చెమట తుడుచుకున్నాడు. ఆ పిల్ల పొట్లం వదలకుండానే తల వంచుకుని తనలో తను గొణుక్కుంది, "ఈ పెద్దమ్మ ఇడిసేటట్టు లేదు."

"ఇడవను," అన్నాను తెలుగులో.

ఆ పిల్ల మొహం చూడాలి. సిగ్గుపడి, నవ్వి, సారీ అని, మళ్లీ నవ్వి, ఆఖరికి కొట్టు మెట్ల మీద నా పక్కన చతికిలబడి కూర్చుంది. చాలా రోజులు తెలుగు మాట్లాడకుండా ఉన్నవాళ్లు ఒకసారి మొదలుపెడితే ఆపలేరు. వాళ్లది కరీంనగర్ వైపు పల్లె. ఇక్కడ పరిశోధన చేస్తోంది. తనతోపాటే ల్యాబులో పని చేసే మేదినీపూర్ బెంగాలీ కుర్రాడిని చేసుకుంటోంది. రిజిస్ట్రారు దగ్గర సంతకాలు అయిపోయాయి. మర్నాడు పొద్దున్న మా రైల్వే క్వార్టర్ల మధ్య మనవాళ్లు కట్టుకున్న అమ్మవారి గుడిలో పుస్తె కట్టడం ఒక్కటే మిగిలింది.

"ఇంకొకటి గూడ దొరకాలె ఆంటీ," అంది. "ముత్తైదువ."

"అది కొట్లో అమ్మరమ్మా."

"మా అమ్మ అడుగుతున్నది. ఒక్క ముత్తైదువ అన్న ఉండాలె, పుస్తె ముట్టుకుని దీవించాలె అంటున్నది. ఇక్కడ నాకు పెద్దోళ్లెవరు తెలుసు? మీరు రారాదు?"

నా నుదుటి మీది స్టిక్కరు చూసి అడిగింది పాపం. ఆయన పోయాక కొన్నాళ్లు బోసి నుదుటితోనే తిరిగాను. ఆఫీసులో ప్రతివాడూ నాతో గొంతు తగ్గించి మాట్లాడుతుంటే ఒళ్లు మండి మళ్లీ పెట్టుకోవడం మొదలుపెట్టాను. పైగా నాకు బొట్టంటే ఇష్టం. దాచడం నాకు చేతకాదు కాబట్టి ఆ పిల్లకి ఉన్న సంగతి చెప్పేశాను.

"నాను ముత్తైదువను కానమ్మా. మా ఆయన లేడు."

ఆ పిల్ల పొట్లం అంచు వేలితో నిమిరింది. తర్వాత నెమ్మదిగా, "మా అమ్మ గూడ గంతే ఆంటీ. గందుకే వేరే ముత్తైదువ కావాలంటున్నది," అంది.

వాళ్ల నాన్న ఆ పిల్ల బళ్లో చదివేటప్పుడే పోయాడట. తల్లి బీడీలు చేసి చదివించింది. పెళ్లికని రైలెక్కి ఒంటరిగా అంత దూరం వచ్చింది, ప్రేమ్ బజార్‌లో కూతురు ఉండే గదిలోనే దిగింది. ఇంతా చేసి పుస్తె ముట్టుకోనంటుంది, గుడి లోపలికే రానంటుంది. కట్టే సమయానికి బయట కూర్చుంటుందట. అటు చూస్తే పెళ్లికొడుకు తల్లి. బెంగాలీలలో తల్లి కొడుకు పెళ్లి కళ్లారా చూడకూడదని ఒక పట్టింపు ఉంది. ఆవిడా లోపలికి రాదు.

"నాకు ఇద్దరు అమ్మలు ఉన్నరు ఆంటీ. ఒక్కలు గూడ నా పెళ్లి చూడరు," అంది నవ్వుతూనే. కళ్లు మాత్రం నిండిపోయాయి.

తర్వాత నా చెయ్యి పట్టుకుని, ముత్తైదువ కాకపోయినా పర్వాలేదు, మీరే వచ్చి మా అమ్మతో మాట్లాడండి, నా మాట వినడం లేదు అని బతిమాలింది. నేను కుదరదన్నాను. మా ఇంటి తగువులే నాకు చాలు, ఊళ్లోవాళ్లవి కూడా నెత్తినెత్తుకోలేను. మంచి పొట్లం మాత్రం ఆ పిల్ల చేతిలో పెట్టి, రెండో రకం తీసుకుని ఇంటికి వచ్చేశాను.

మా తోడికోడలు కొమ్ముల్ని వేళ్లతో కెలికి చూసింది. "ఏటక్కా, ఈపాలి ఇలాటివి తెచ్చినావు?" అంది. ఆ వెంటనే, ఎంతో ప్రేమగా, "రేపు పొద్దున్నే లెగకులే. ఆదివారం కదా, నువ్వు రెస్టు తీసుకో అక్కా," అంది.

మర్నాడు రెస్టు తీసుకుందామనే పడుకున్నాను. గోడ అవతల రోకళ్లు మొదలయ్యాయి. దంపుళ్ల పాట, మధ్యలో నవ్వులు, గాజుల చప్పుడు. మా తోడికోడలి కూతుర్ని చిన్నప్పుడు చంకనేసుకుని తిరిగింది నేను. కాసేపు ఫ్యాను కేసి చూస్తూ పడుకున్నాను. కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది గానీ నాకు కోపమే బాగా అలవాటు. కోపం వస్తే నేను ఇంట్లో కూర్చోలేను. లేచి స్నానం చేసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, గుడికి బయలుదేరాను.

గుడి ముందు వేపచెట్టు కింద ఒక ప్లాస్టిక్ కుర్చీ, కాస్త ఎడంగా ఒక సిమెంటు బెంచీ ఉన్నాయి. కుర్చీని గుడి వైపు వీపు ఉండేలా తిప్పుకుని ఒక బెంగాలీ ఆవిడ కూర్చుని ఉంది. ఎర్రంచు చీర, పాపిట్లో సిందూరం, చేతులకి తెల్ల శంఖం గాజులు. పెళ్లికొడుకు తల్లి ఈవిడేనని ఎవరూ చెప్పక్కర్లేదు. బెంచీ కొసన చెప్పుల గుట్ట పక్కన, మెడలో ఏమీ లేకుండా, లేత రంగు చీరలో సన్నటి మనిషి ఒదిగి కూర్చుంది. ఆవిడ పెళ్లికూతురి తల్లి. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరి వైపు ఒకరు అప్పుడప్పుడూ చూసి నవ్వుకుంటున్నారు, అంతే. నేను వెళ్లి ఇద్దరి మధ్యా కూర్చున్నాను.

బెంగాలీ ఆవిడ నన్ను అమ్మాయికి ఏమవుతావని అడిగింది. నిన్న సాయంత్రం పసుపు కొట్లో పరిచయం అన్నాను బెంగాలీలో. అదేదో దగ్గరి చుట్టరికమైనట్టు బుద్ధిగా తల ఊపింది. "ఇంట్లో కూర్చుంటే కాలు నిలవలేదు దీదీ," అంది. "పెళ్లి చూడకూడదు గానీ పెళ్లి జరిగే చోట గాలి పీల్చకూడదని ఎవరూ అనలేదు కదా. అందుకని వచ్చాను." ఆవిడ నాకు వెంటనే నచ్చేసింది.

ఇటు తిరిగాను. పెళ్లికూతురి తల్లి, కూతురు చెప్పిన గుర్తుల్ని బట్టి నన్ను పోల్చుకుంది. "కొట్ల కలిసింది మీరేనా అక్కా?"

"నానే సెల్లీ. నాకూ ఆయన లేడు. మీ పిల్ల సెప్పే ఉంటాది."

"చెప్పింది." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నేల చూపులు చూసింది.

నేను నా ధోరణిలో మొదలుపెట్టాను. బీడీలు చుట్టి చదివించిన చెయ్యి, అన్నం పెట్టిన చెయ్యి, ఈవేళ ఒక్కసారి తాకడానికి పనికిరాకుండా పోయిందా అని నిలదీశాను. ఇలాంటి వాదనల్లో నన్ను గెలవడం కష్టం, మా బంధువుల్ని అడగండి. ఆవిడ అంతా విని, గొంతు పెంచకుండా అంది:

"నేను మూఢంగ అంటున్న అని నాకు గూడ తెలుసక్కా. కని రేపు దానికేమన్న అయితే, నా చెయ్యి తాకినందుకే అయిందని బతికినన్ని దినాలు అనుకుంట. గది నాతోని గాదు. దాని బతుకు సల్లగుండాలె." ఆ పైన నా కళ్లలోకి చూసి అడిగింది, "నీ కొడుకు పెళ్లిల నువ్వు ముట్టుకుంటవా అక్కా?"

ముట్టుకోను. ఇంత నోరున్నదాన్ని, రేపు నా కొడుకు పెళ్లిలో ఏదో పని కల్పించుకుని వంటల దగ్గరికి వెళ్లి నిలబడతాను. ఎవరూ వెళ్లమనక్కర్లేదు, నేనే వెళతాను. పొద్దున్న ఆ రోకళ్ల చప్పుడుకి కోపం తెచ్చుకున్న మనిషినే, లోపల ఎక్కడో అదే భయాన్ని పెంచి పోషించుకుంటున్నానని అప్పుడు అర్థమైంది. ఆవిడ పక్కకి ఇంకాస్త జరిగి కూర్చున్నాను.

ఇంతలో లోపల్నుంచి పూజారి కేక వినిపించింది. మా పూజారి ఒడియా మనిషి, మంత్రాలు తెలుగువాళ్ల పద్ధతిలో చదువుతాడు, విసుగు మాత్రం మూడు భాషల్లో పడతాడు. "కొన్యా ఎక్కడికి పోతోంది? పీట దిగకూడదు, బాబా," అంటున్నాడు.

పెళ్లికూతురు పీట దిగి మా దగ్గరికే వస్తోంది. చేతిలో పళ్లెం, పళ్లెంలో బియ్యం, బియ్యం మీద కొబ్బరికాయ, కొబ్బరికాయ మీద పసుపు తాడుకి కట్టిన పుస్తెలు. మనవాళ్ల పెళ్లిళ్లలో పుస్తె కట్టే ముందు దాన్ని పళ్లెంలో పెట్టి పెద్దలందరి దగ్గరికీ తిప్పుతారు. పెద్దలు లేచి రానక్కర్లేదు, ఎక్కడ కూర్చుంటే అక్కడికి పళ్లెమే వెళుతుంది. వాళ్లు ముట్టుకుని దీవించాకే పెళ్లికొడుకు చేతికి ఇస్తారు. మామూలుగా ఎవరో ఒక బంధువు తిప్పే పళ్లెం ఇది. బంధువులెవరూ లేరు కనక పెళ్లికూతురే పట్టుకొచ్చింది.

వచ్చి తల్లి ముందు నిలబడింది. పళ్లెం చాపింది, అంతే.

తల్లి రెండు చేతులూ కొంగులో దాచుకుంది. "వద్దు బిడ్డా. ఆమెతోని ముట్టియ్యి," అని బెంగాలీ ఆవిడని చూపించింది. నేను ఆ మాట ఆవిడకి బెంగాలీలో చెప్పాను. ఆవిడ కంగారుపడింది. "ఇది కూడా పెళ్లిలో భాగమేనా? అయితే నేను చూడకూడదు," అని చీర చెంగు కళ్ల మీదికి లాక్కుంది. ముగ్గురు పెద్దవాళ్లం. ఒకావిడ చేతులు దాచుకుంది, ఒకావిడ కళ్లు మూసుకుంది, మిగిలింది నేను. లోపల పూజారి లగ్నం దాటిపోతోందని హిందీలో మొదలుపెట్టి ఒడియాలోకి వెళ్లిపోయాడు.

నాకు భయమేసింది. ఉన్నమాట చెప్పాలి. మా ఆయన పోయాక నేను ఎవరి పుస్తె మీదా చెయ్యి వేయలేదు, మా ఇంటి పిల్లల పెళ్లిళ్లలో కూడా. ఆ పిల్ల ఎవరో, ఏమిటో. తన పేరు కూడా నేనింకా అడగలేదు. కానీ ఆ పళ్లెం ముట్టుకునే చెయ్యి లేక వెనక్కి వెళితే, ఆ పిల్ల తన పెళ్లిని తలుచుకున్నప్పుడల్లా ముందు ఇదే గుర్తుకు వస్తుంది. అది నేను చూస్తూ కూర్చోలేకపోయాను. చెయ్యి చాపి పుస్తెల్ని ముట్టుకున్నాను. పసుపు ఇంకా తడిగానే ఉంది.

"సల్లగా ఉండమ్మా," అన్నాను. తర్వాత తల్లి వైపు తిరిగాను. "సూడు సెల్లీ, నా సెయ్యి పడిపోనాది. సెడ్డ జరగాలంటే ఈపాటికే నా వల్ల జరిగిపోనాది. ఇంక నువ్వు ముట్టుకున్నా కొత్తగా సెడేదేటి లేదు. రేపు ఏటైనా అయితే నన్ను తిట్టుకో. ఆ నిందేదో నా మీద ఉంటాది, నాను మోసుకుంటాను."

ఆవిడ నన్ను చూసింది. అంతసేపు చూడటం నాకు ఇబ్బందిగా కూడా అనిపించింది. అప్పుడు ఆవిడకి నవ్వు వచ్చింది, నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది. కొంగులోంచి చేతులు బయటికి తీసి, ఒక చేత్తో కాదు, రెండు చేతులతో పుస్తెల్ని పట్టుకుని కళ్లకి అద్దుకుంది. కూతురు, "అమ్మా," అంది.

పూజారి ఈసారి గడప దాకా వచ్చి కేకేశాడు. తల్లి కళ్లు తుడుచుకుని కూతురి చేతుల్లోంచి పళ్లెం తీసుకుంది. చెప్పులు విడిచి, పళ్లెం తనే పట్టుకుని కూతురి వెనకాల లోపలికి నడిచింది. గుడి లోపలికి రానని రైలు దిగిన దగ్గర్నుంచీ పట్టుబట్టిన మనిషి.

నేను కూడా లేవబోయాను. బెంగాలీ ఆవిడ నా కొంగు పట్టుకుంది. "దీదీ, నువ్వు గుమ్మం దగ్గర నిలబడు. ఏం జరుగుతోందో గట్టిగా చెప్పు. నేను చూడను, వింటాను," అంది. నాకు నవ్వాగలేదు. వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను. అమ్మవారికీ ఈవిడకీ మధ్య నిలబడి ఆ పెళ్లినంతా బెంగాలీలో చెప్పడం మొదలుపెట్టాను. నీ కొడుకు తెల్ల పంచె కట్టుకున్నాడు, పంచె జారకుండా ఒక చెయ్యి నడుం మీదే ఉంది. అమ్మాయి తల వంచింది. పూజారి మంత్రం చదువుతున్నాడు. పుస్తె మీ వాడి చేతికి ఇచ్చారు. అతను వణుకుతున్నాడా అని అడిగింది. వణుకుతున్నాడు, చెమటలు కూడా పట్టాయి అన్నాను. ఆవిడ గుడికి వీపు పెట్టుకునే పడీ పడీ నవ్వింది.

పెళ్లికొడుకు తాడు మెడ చుట్టూ తిప్పాడు గానీ ముడి పడటం లేదు. పెళ్లికూతురిది బారెడు జడ, వేళ్లకి అడ్డం పడుతోంది. మనవాళ్లలో ఆ సమయానికి వెనక నిలబడి ఎవరో ఒకరు జడ ఎత్తి పట్టుకోవాలి. పెళ్లికొడుకు అక్కో చెల్లెలో పట్టుకుంటుంది. ఆ కుర్రాడికి అక్కచెల్లెళ్లు లేరు. స్నేహితులందరూ ఫోన్లు ఎత్తి పట్టుకుని ఉన్నారు, ఎవరికీ ఆ సంగతి తెలియదు. "జడ, జడ, ఎవరైనా జడ పట్టండి," అని పూజారి చేతులు ఊపుతున్నాడు.

తల్లి పళ్లెం పక్కన పెట్టేసి అప్పటికే గోడ వైపు జరిగి నిలబడి ఉంది. ముత్తైదువ ఎవరైనా ఉన్నారేమోనని చుట్టూ చూడటం నేను చూశాను. ఎవరూ లేరు. నా వైపు కూడా చూసింది. నేను కదల్లేదు. ఆవిడ ఒక్క అడుగు ముందుకు వేసింది. తర్వాత ఇంకేం ఆలోచించలేదు. కూతురి వెనక్కి వెళ్లి, రోజూ పొద్దున్న బడికి పంపేటప్పుడు దువ్వి అల్లిన ఆ జడనే రెండు చేతులతో పైకెత్తి పట్టుకుంది.

బయట నుంచి పెళ్లికొడుకు తల్లి కంగారుగా అడుగుతోంది, "దీదీ, కీ హొలో? ఎందుకు ఆగిపోయావు? ఏమైంది?"

కొంగుతో కళ్లు ఒత్తుకుని ఆవిడ వైపు తిరిగాను.

"ఏం కాలేదు," అన్నాను. "ముడి వేస్తున్నాడు. జడ వాళ్లమ్మ పట్టుకుంది."